అట్టమీది పద్మవ్యూహము



మన పెద్దలు అయస్కాంతమునకు సూదంటురాయి యని పేరు పెట్టిరి. సూది అంటుకొను రాయి యని ఆ పేరే దాని గుణమును చెప్పుచున్నది. ఈ గుణము నాధారముగా గొని జపాను బాలపత్రికలతో ఉచితముగా నిచ్చు ఒక ఆటవస్తువును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

జపానులో బాలల మాసపత్రికలతో ఏదో యొక వస్తువును జతచేసి యిచ్చుట పాత ఆచారము. దానిని వారు 'ఫురోకు' అందురు; అనగా అనుబంధము. తరచుగా అది అచ్చువేసిన అట్టల రూపమున వచ్చును. మడచుట, అతికించుట పిల్లల వంతు. గక్కెన్ సంస్థవారి 'కగాకు' అను విజ్ఞానపత్రిక ఇట్టి పరికరములకే పేరుపొందినది. 2010లో ఆగి, 2022లో మరల వెలువడినది. 1947 జులైలో మదరాసున ఆరంభమైన మన చందమామను తీర్చిదిద్దిన చక్రపాణిగారు తెనాలివారు. చందమామ కథలు మన పిల్లల మనస్సును పెంచినవి. ఈ అట్టబొమ్మ చేతిని పెంచును.

ఆట యిది. అట్టపై చిక్కుదారి గీయబడియుండును. పైన చిన్న ఇనుపగుండు, అడుగున అయస్కాంతము. అడుగున చేయి కదలినట్లెల్ల పైన గుండు నడచును. అయస్కాంతశక్తికి అట్ట అడ్డు కాదు. కాని అట్ట మందమైనకొలది దూరము పెరిగి పట్టు సడలును.

ఒక మాఘమాసమున చిలకలూరిపేట ప్రాంతమున మా బంధువుల మిరప కళ్లమునకు ఇట్టి ఆట నొకదానిని తీసికొనిపోతిమి. కూలీల పిల్లలు చుట్టును మూగిరి. గుండు ఎల్లప్పుడును ఒకే మూలలో జారిపోవుచుండెను. కాయలేరుటకు తల్లితో వచ్చిన పదేండ్ల బాలిక అట్టను తడవి చూచి, "అయ్యగారూ, ఇక్కడ రెండు పొరలు అతికాయి. అందుకే పట్టు తప్పుతోంది" అన్నది. అంతవరకు మాకు తట్టని కారణమది!

బడికి ఎందులకు పోలేదని యడిగితిమి. "కోతలైనాక పోతాను" అన్నది. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు ఉచిత విద్య బాలల హక్కని 2009లో చట్టమైనది. ఆ కళ్లము మావారిది. ఆ బాలిక బడి మానుటలో మాకును పాలు కలదు. ఆటను ఆమెకే యిచ్చి వచ్చితిమి. దానితో మా ఋణము తీరలేదు.

ఈ ఆటను మీ యింటను చేయవచ్చును. పలుచని శుభలేఖ అట్ట, పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతము, సైకిలు చక్రములోని ఉక్కుగుండు చాలును. పసిపిల్లలకు గుండు నీయరాదు. చిన్న అయస్కాంతములను రెండింటిని మ్రింగినచో అవి కడుపులో ఒకదానినొకటి పట్టుకొని ప్రేగులకు చిల్లు చేయగలవు. అట్టివానిని ఇంట నుంచకుండుటయే మేలు.

అభిమన్యునకు పద్మవ్యూహమున ప్రవేశించుట తెలియును, వెడలుట తెలియదు. మిరప కళ్లమున జొచ్చిన పిల్లలకు వెడలుదారి బడియే. కోతలనాడు బడియీడు పిల్ల కళ్లమున కనబడినచో, కాసులుగల రైతులారా, తల్లికి కూలి నిండుగా నిచ్చి, పిల్లను బడికి పంపుడు. ఆటను సాయంకాలము ఆడుకొనవచ్చును.