మాంతువా దొరసాని షరతులు

పునరుజ్జీవన కాలపు ఇటలీలో ప్రభువులు చిత్రకారుణ్ణి పోషించడమంటే డబ్బు సంచి చేతిలో పెట్టి ఊరుకోవడం కాదు. 1490లో మాంతువా పాలకుల ఇంటికి కోడలిగా వచ్చిన ఇసబెల్లా దెస్తే సంగతే చూడండి. కోటలో తనకంటూ ఒక చిన్న గది ఏర్పరచుకుని, దాని గోడలకు పేరున్నవాళ్ల చిత్రాలే ఉండాలని పట్టుబట్టింది.

1503లో చిత్రకారుడు పెరుజీనోతో ఒప్పందం రాయించింది. ప్రేమకీ శీలానికీ జరిగే యుద్ధం గీయాలి, ప్రతిఫలం 100 డ్యూకాట్లు. ఏ దేవత ఏం చేస్తూ కనిపించాలో, చేతిలో ఏముండాలో కూడా ఆమే చెప్పింది. బొమ్మలు మరీ ఎక్కువైతే కొన్ని తగ్గించుకోవచ్చు. సొంతంగా ఒక్కటి కూడా చేర్చకూడదు! ప్రేమదేవత వీనస్‌ను నగ్నంగా గీస్తున్నాడని తెలిసి మండిపడింది. 1505లో చిత్రం చేరాక, తైలవర్ణాలతో వేసి ఉంటే ఇంకా బాగుండేదని సణిగింది. నిజం చెప్పాలంటే, పెరుజీనో పనితనంలో అది గొప్పదేమీ కాదు. అన్ని ఆంక్షల నడుమ చెయ్యి ఎలా ఆడుతుంది?

ఆమె అడిగిన మరో చిత్రకారుడు జొవాన్ని బెల్లీని గడుసువాడు. ఇలాంటి కథాచిత్రం తనవల్ల కాదని తప్పించుకున్నాడు. లియొనార్డో ఆమె ముఖాన్ని సుద్దతో గీశాడు. రంగుల్లో వేసివ్వమని ఎన్ని ఉత్తరాలు పంపినా ఆమెకు దక్కలేదు. ఆ సుద్ద బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పెరుజీనో చిత్రమూ అక్కడే.