మన పేరున ఒక కోరిక



సూక్ష్మ రుణ ప్రణాళికలో ఏం రాయిస్తాం? గేదె, కౌలు, పిల్లల ఫీజు. "మరి నీకేం కావాలమ్మా?" అంటే నోరు పెగలదు.

పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడికి పోయింది అక్షరాల కోసం. అక్కడే సారా సంగతి మాట్లాడుకున్నారు, దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తమ కోసం నేర్చుకున్న అక్షరాలు ఊళ్లకే పనికొచ్చాయి.

నేను మిరపకోతల నుంచి వచ్చాక గంటసేపు పాతచీరలతో బొంతలు కుడుతున్నా. మొదట ఇంట్లో నవ్వారు. ఇప్పుడు ఆ గంట పొయ్యి దగ్గర మా ఆయన ఉంటున్నాడు. ఎంతొస్తుందని అడక్కండి, ఇంకా ఒక్కటీ అమ్మలేదు.

ఈ ఏడు ప్రతి సభ్యురాలూ మినిట్స్ పుస్తకంలో తన పేరున ఒక్క కోరిక రాయించాలి. సంతకమో, సైకిలో, పాటో, ఏదైనా సరే. వచ్చే మహాసభలో చదువుకుందాం. సెలవు.