పరికరం పక్కన మనిషి



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాష్టారు గాజువాక ప్రాంతంలో ఉక్కు కార్మికుల పిల్లలకు లెక్కలు చెప్పారు. చివరి బెంచీలో కూర్చున్నవాడికి లెక్క వచ్చేదాకా పాఠం అయినట్టు కాదని ఆయన పట్టుదల. ఆయన కాలంలో తరగతికి వచ్చిన పరికరాలు నల్లబల్ల, కొలబద్ద, వృత్తలేఖిని. ఇప్పుడు ట్యాబ్, ఇంటరాక్టివ్ ప్యానెల్, జేబులో సెల్‌ఫోన్ వచ్చాయి. చదువుకూ సమాజానికీ వీటితో ఏర్పడిన బంధం గురించి పరిశోధన ఏం చెబుతోందో మాట్లాడమని నిర్వాహకులు కోరారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నేర్పే యంత్రాన్ని ఎలా వాడాలో విశాఖపట్నానికి చాలాకాలంగా తెలుసు. ఆ తెలివిడి ఓడరేవు గేటు దాటి మన బడుల్లోకి రాలేదు. దాన్ని తీసుకురావడం ఈ నగరపు విద్యావేత్తల బాధ్యత.

1. ఓడరేవుకు తెలిసిన పద్ధతి

1933లో మొదలైన మన ఓడరేవులో వేల టన్నుల ఓడను డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకైన కాలువలోకి తెచ్చే పైలట్‌కు పొరపాటు చేసి నేర్చుకునే వెసులుబాటు లేదు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ అన్నం పెట్టే తల్లి పేరూ పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గరా అంతే. దాదాపు 1,500 డిగ్రీల వేడిలో కరిగిన ఇనుము ప్రవహించే చోట కొత్త కుర్రాణ్ణి ఒంటరిగా వదలరు. సబ్‌మెరైన్ నావికులను తయారుచేసే ఐఎన్ఎస్ శాతవాహన కూడా 1974 నుంచి ఈ ఊళ్లోనే ఉంది.

ఇలాంటి వృత్తుల కోసమే సిమ్యులేటర్లు పుట్టాయి. అపాయం లేకుండా పొరపాటు చేయనిచ్చి, దాని ఫలితాన్ని వెంటనే చూపించే యంత్రాలివి. నావికుల శిక్షణకు ప్రపంచమంతటికీ వర్తించే ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం 1978లో కుదిరింది. 1995లో దాన్ని సవరించినప్పుడు సిమ్యులేటర్ల వాడకానికి ప్రత్యేక నిబంధనలు చేర్చారు. విద్యారంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ వాటిని చదవాలని నా కోరిక. యంత్రం ఎలా ఉండాలన్న దానితో ఆ నిబంధనలు ఆగవు. అభ్యాసం మొదలుపెట్టేముందు శిక్షకుడు లక్ష్యాన్ని వివరించాలి. యంత్రం చేతికి అలవాటు పడేందుకు సమయమివ్వాలి. అభ్యాసం సాగుతున్నంతసేపూ కనిపెట్టి ఉండాలి. ముగిశాక అందరినీ కూర్చోబెట్టి ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చర్చించాలి. ఆ చర్చలో తోటి విద్యార్థులు ఒకరి పనిని ఒకరు అంచనా వేయడాన్ని ప్రోత్సహించాలి. అభ్యాసాలను ముందే పరీక్షించి చూడాలి. శిక్షకుడికీ సిమ్యులేటర్‌తో బోధించే పద్ధతిలో తర్ఫీదు ఉండాలి.

చూడండి, ఇందులో యంత్రం గురించిన మాటలకంటే మనిషి గురించిన మాటలే ఎక్కువ.

2. బడికి వచ్చిన ట్యాబ్

ఇప్పుడు బడి వైపు చూద్దాం. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176, మొత్తం 5,18,740. మరుసటి ఏడాది అదే రోజున రెండో విడత మన మన్యంలోని చింతపల్లిలో మొదలైంది. ఆ విడతలో 4,34,185. ‘నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన బడుల్లో గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వెలిశాయి. పాఠాలను బైజూస్ సంస్థ సమకూర్చింది. ఇంటర్నెట్ అందని ఊళ్లలోనూ చూసేలా వాటిని ముందే ట్యాబ్‌లో నింపి ఇచ్చారు.

పేదింటి పిల్ల చేతికి ఖరీదైన పరికరం రావడం చిన్న విషయం కాదు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. అయితే ఈ కార్యక్రమం గురించి అందరి నోటా వినిపించిన లెక్క ఎన్ని ట్యాబ్‌లు పంచారన్నదే. ఆ పరికరంతో ఎవరు ఏం నేర్చుకున్నారన్న లెక్క అంత గట్టిగా వినిపించలేదు. పాఠాలిచ్చిన సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్నప్పుడు ఆ సంస్థ కష్టాలు పిల్లల చదువు దాకా వస్తాయని పాలకులు గుర్తుపెట్టుకోవాలి.

3. పరిశోధనలు తేల్చింది

మూడు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది.

మొదటిది దక్షిణ అమెరికాలోని పెరూ దేశానిది. అక్కడి పల్లె బడుల్లో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 300కు పైగా బడులను పరిశీలించిన ఆర్థికవేత్తలు 2012లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది. గణితంలో, భాషలో మాత్రం మార్కులు పెరిగిన ఆనవాలు కనిపించలేదు.

రెండోది ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం. 619 మంది పిల్లల్లో కొందరిని లాటరీ తీసి మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే కేంద్రాలకు పంపారు. ఆ పిల్లల్లో ఆరో తరగతి చదివేవారు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ పిల్ల ఏ తరగతిలో కూర్చుందో చూడలేదు. ఆ పిల్లకు ఎంతవరకు వచ్చో కనిపెట్టి అక్కడినుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో, కేంద్రాలకు ఎంపికైన పిల్లలు గణితంలో మిగతావారికంటే రెట్టింపుకు పైగా ముందుకు సాగారు. ఒక్కమాట మరవకూడదు. ప్రతి రోజూ 45 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చుంటే, మరో 45 నిమిషాలు చిన్న బృందాల్లో బోధకుడి దగ్గర కూర్చునేవారు. ఫలితం ఈ రెండూ కలిసి ఇచ్చింది.

మూడోది హైదరాబాద్‌లోనిది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ బృందం 16 మంది పేదపిల్లలకు మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. పిల్ల పలికిన ఇంగ్లిషు ముక్క యంత్రానికి అర్థం కాకపోతే తెరమీద మరేదో మాట పడేది. పిల్లలు మళ్లీ పలికేవారు, ఒకరినొకరు సరిదిద్దుకునేవారు. కొద్ది నెలల్లో ఉచ్చారణ మెరుగుపడిందని 2003లో ప్రచురించారు. ఇది చిన్న ప్రయోగం. దీన్ని పట్టుకుని ఉపాధ్యాయుడు అక్కర్లేదనడం తగదు. కానీ ఇంటరాక్టివ్ అంటే తెరను వేలితో తాకడమొక్కటే కాదని, పిల్ల చేసిన పనికి తగిన జవాబు వెంటనే తిరిగి రావడమని ఇది చూపించింది.

మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లోనూ ‘పాల్’ పేరుతో, పిల్ల స్థాయిని బట్టి ప్రశ్నలడిగే ట్యాబ్ ల్యాబ్‌లు నడుస్తున్నాయి. నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ బృందం వాటిని పరిశీలనకు తీసుకోవడం ఆంధ్రులకు మంచి అవకాశం. మన విశ్వవిద్యాలయాలు ఆ పరిశోధనను దూరంనుంచి చదివి ఊరుకోకూడదు.

4. ఇంట్లో ఫోన్, సంద్రంలో ఫోన్

బడి గోడ బయట ఫోన్ రాజ్యమేలుతోంది. గ్రామీణ భారతంలో జరిపిన 2024 అసర్ సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. సర్వేకు ముందు వారంలో దాన్ని చదువుకోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకోసం వాడినవారు 76 శాతం. ఫోన్ వాడడం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 36.2 శాతం, ఆడపిల్లలు 26.9 శాతం. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలుసు. హోంవర్కును వాట్సాప్‌లో పంపే ప్రతి ఉపాధ్యాయుడూ ఆ ఆడపిల్లను మనసులో పెట్టుకోవాలి.

2023 ఆగస్టులో రాష్ట్రంలో బడుల్లో సెల్‌ఫోన్లపై నిషేధం వచ్చింది. ఆ ముందు నెలలోనే విడుదలైన యునెస్కో నివేదిక అందుకు ఆధారం. ట్యాబ్‌లు పంచిన ఏడాదిలోపే ఫోన్లు నిషేధించడంలో వైరుధ్యం ఉందని కొందరన్నారు. నాకలా తోచదు. రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఈ పరికరం ఇప్పుడు ఎవరి అదుపులో, ఏ పనికోసం ఉంది?

ఆ ప్రశ్నకు మంచి జవాబు మన ఫిషింగ్ హార్బర్‌లో దొరుకుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని కొలిచి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారుల ఫోన్లకు తెలుగులో అందిస్తుంది. బోటు సరంగు ఆ సమాచారాన్ని వల వేసి పరీక్షిస్తాడు. పడిన చేపే దానికి మార్కులు వేస్తుంది. తరతరాల అనుభవంతో దాన్ని సరిపోల్చి, మర్నాడు ఎంతవరకు నమ్మాలో తేల్చుకుంటాడు. అక్కడ పెత్తనం ఫోన్‌ది కాదు, సరంగుది.

5. ఏ భాషలో జవాబు?

చింతపల్లిలో ట్యాబ్ అందుకున్న పిల్లల్లో కొందరు ఇంట్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. పాఠం తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. గిరిజన భాషల్లో ప్రాథమిక బోధనకు ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ల కిందటే ప్రయత్నం మొదలైంది. ట్యాబ్ ఆ బాటలో నడవాలి. పలకరిస్తే పలికే యంత్రం పిల్ల మాటనే గుర్తుపట్టకపోతే ఆ పిల్ల దృష్టిలో అది మూగదే. కువిలో మాటలు రికార్డు చేయడం, వాటిని గుర్తించేలా యంత్రానికి నేర్పడం విదేశీ కంపెనీలు తమంతట తాము పూనుకునే పని కాదు. మనం చేయాలి.

6. విశాఖ చేయగల పని

కాబట్టి నా ప్రతిపాదన స్పష్టం. ఓడరేవు క్రమశిక్షణను బడికి తెద్దాం. ట్యాబ్ తెరిచే ముందు ఉపాధ్యాయుడు లక్ష్యం చెప్పాలి. పిల్లలు పనిచేస్తున్నప్పుడు బల్లల మధ్య తిరగాలి. పది నిమిషాలైనా తెర మూయించి, ఎవరికి ఎక్కడ తప్పిందో మాట్లాడించాలి. పిల్లలు ఒకరి లెక్కను ఒకరు దిద్దాలి. ఏ పాఠమైనా వేల బడులకు పంపేముందు కొన్ని బడుల్లో పరీక్షించాలి. ఉపాధ్యాయుడికి ట్యాబ్‌తో పాటు దానితో బోధించే తర్ఫీదు ఇవ్వాలి. ఇవన్నీ నావికుడికి హక్కుగా ఉన్నవే. గాజువాక పిల్లకు, చింతపల్లి పిల్లకు ఎందుకు ఉండకూడదు?

దీనికి మనుషులూ సంస్థలూ ఇక్కడే ఉన్నారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం, భీమునిపట్నంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్, ఉక్కు కర్మాగారంలో తరాలకు పని నేర్పిన శిక్షకులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. కొన్ని బడులు ఎంచుకుని, సగంలో ఈ క్రమంతో, సగంలో ఇప్పటి పద్ధతిలో ఒక విద్యాసంవత్సరం నడిపి చూడాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో ప్రచురించాలి. అందులో చివరి బెంచీ పిల్లల ఫలితాన్ని విడిగా చూపాలి, ఎందుకంటే సగటు మార్కు వాళ్లను దాచేస్తుంది.

ఈ పని మొదలుపెట్టడానికి ప్రభుత్వ ఉత్తర్వుకోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ సభలో ఉన్న ప్రధానోపాధ్యాయులు పదిమంది ఒప్పుకుంటే వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆరంభించవచ్చు. మిమ్మల్ని చేతులు జోడించి కోరుతున్నాను, ముందుకు రండి.