కారు మరమ్మతు: లెక్క అడిగితే తప్పా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఉండి ఉంటే కారు కొని చూడు అని కూడా అనేవారేమో! 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఈ ప్రాంతం రూపే మారిపోయింది. గచ్చిబౌలి, కొండాపూర్, హైటెక్ సిటీ రోడ్ల మీద పొద్దున, సాయంత్రం కార్లు చీమలబారుల్లా కదులుతుంటాయి. వాటిని నడిపేవారిలో ఆడవాళ్ళూ ఎందరో. అయినా షెడ్డుకు వెళితే వినిపించే మాట ఏమిటి? "సార్‌ను రమ్మనండమ్మా, ఆయనకు చెబుతాం."

ఆయనకు మాత్రం అన్నీ తెలుసునా అండీ? నగల దుకాణంలో బంగారం ధర ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడిగేది మనమే కదా! కారు లెక్కా అలాంటిదే. సామాను ఖరీదు, పనివాడి కూలి, పన్ను, ఈ మూడూ వేర్వేరుగా కాగితం మీద రాయించుకోవాలి. "అంతా కలిపి పద్దెనిమిది వేలవుతుంది" అంటే, అది న్యాయమో అన్యాయమో ఎవరు మాత్రం చెప్పగలరు?

ముందు సామాను సంగతి. కొత్త సామాను పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. ఆ ధర మీద మళ్ళీ పన్ను వేశారంటే, ఒకే పన్ను రెండుసార్లు కడుతున్నామన్నమాట. 2025 సెప్టెంబరు 22కు ముందు చాలా విడిభాగాల మీద 28 శాతం జి.ఎస్.టి. ఉండేది, ఆనాటినుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరల పట్టిక చూపిస్తే ఈ మాట గుర్తు చేయండి.

ఇక కూలి. ఇక్కడ పని తీరు కాస్త తెలిసి ఉండాలి. మన రోడ్ల మీద క్షణానికోసారి ఆగి కదలడంతో క్లచ్ త్వరగా అరుగుతుంది. చాలా కార్లలో దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి. కనుక కూలి ఎక్కువే అవుతుంది, అది మోసం కాదు. అంత విప్పాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపి మార్చమనడమూ సబబే. లేకపోతే కొన్నాళ్ళకు అదే కూలి మళ్ళీ ఇచ్చుకోవాలి. బ్రేక్ ప్యాడ్లు కూడా ఒక చక్రానికే కాదు, ఎడమా కుడీ రెండింటికీ మారుస్తారు.

మరి ఎక్కడ అనుమానించాలి? ఏటేటా "ఏ.సి. గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి" అంటే అనుమానించాలి. పొయ్యిలో గ్యాసులాగా అది మండి అయిపోయేది కాదు సుమండీ! బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఎక్కడ కారుతోందో చూపించమనండి. అలాగే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఇంజను కడగాలి, అది శుభ్రం చేయాలి, ఇది పూయాలి అని చేర్చిన పద్దులుంటే, కారుతో వచ్చిన పుస్తకం తెరవండి. ఎన్ని కిలోమీటర్లకు ఏం చేయాలో అందులో ఉంటుంది. లేనిదాన్ని ఎందుకు చేయాలో వాళ్ళనే చెప్పమనండి.

షెడ్డుకు వెళ్ళగానే "ప్యాడ్లు మార్చండి" అనకండి. "పొద్దున బ్రేకు తొక్కితే కీచుమంటోంది" అని రోగలక్షణం చెప్పండి. డాక్టరు దగ్గర మందు పేరు మనమే చెబుతామా? జాబ్ కార్డు మీద "అడగకుండా అదనపు పని చేయవద్దు, పాత సామాను తిరిగి ఇవ్వాలి" అని రాయించండి. పెద్ద ఖర్చయితే అదే జాబితా పట్టుకుని మరోచోట అడగండి. ఒకచోట కంపెనీ సామాను, మరోచోట వేరే రకం అయితే ఆ పోలిక చెల్లదు.

వానాకాలం మాట ఒకటి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో ఎన్నో కార్లు మునిగాయి. నీళ్ళలో ఆగిన కారుకు తాళం తిప్పకండి. ఇంజనులోకి నీరు చేరి ఉంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి, ఖర్చు కొండెక్కుతుంది. మామూలు బీమాలో ఆ నష్టం సాధారణంగా రాదు, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకుని ఉండాలి. బీమావారు చూడకముందే ఏదీ విప్పనివ్వకండి.

పని అయ్యాక బిల్లు తప్పక తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అన్యాయం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. బిల్లు లేకపోతే మన మాటకు ఆధారం ఏముంటుంది చెప్పండి?

మరొక్క మాట. న్యాయమైన ధర అంటే చవక ధర అని కాదు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు విషయంలో నాలుగు డబ్బులు మిగులుతాయని నాసిరకం వేయించుకోకండి. ఆ కారులో ఎక్కేది మన పిల్లలే కదా. మంచి మెకానిక్ లెక్క అడిగితే నొచ్చుకోడు, బానెట్ ఎత్తి చూపిస్తాడు. అలాంటివాడు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా వదులుకోకండి.

సెలవు.