మారా నీళ్ళు – దేవుడు చూపించిన చెట్టు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: నిర్గమకాండము 15:22-27

ఈ దినము మన ధ్యానము కొరకు నిర్గమకాండము 15వ అధ్యాయము, 22వ వచనము నుండి చదువుకొందము. బైబిలు దగ్గరున్నవారు దయచేసి తెరవండి.

ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రము దాటారు. పాటలు పాడారు, తంబురలు వాయించారు. ఆ తరువాత షూరు అరణ్యములో మూడు దినములు నడిచారు. ఎక్కడా నీళ్ళు లేవు. చివరకు మారా అనే చోట నీళ్ళు కనబడ్డాయి కాని అవి చేదు, త్రాగలేకపోయారు. నీళ్ళు లేకపోవడం ఒక బాధ. నీళ్ళు కళ్ళెదుట ఉండి బిడ్డకు పట్టలేకపోవడం ఇంకా పెద్ద బాధ. ప్రజలు మోషే మీద సణిగారు. మోషే దేవునికి మొరపెట్టాడు. అప్పుడు దేవుడు అతనికి ఒక చెట్టును చూపించాడు. దానిని నీళ్ళలో వేయగా అవి మధురమయ్యాయి.

ప్రియులారా, మారా మనకు దూరమేమీ కాదు. శంషాబాద్ నుండి నగరానికి వెళ్తుంటే ఆరాంఘర్ చౌరస్తా వస్తుంది. అక్కడికి దగ్గరలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఆ మట్టిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసము, క్రోమియము వంటి విష లోహాలు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా కనబడ్డాయి. నగరానికి ఇంకొక వైపు పటాన్‌చెరు సంగతి మీకు తెలుసు. ఫ్యాక్టరీల వ్యర్థజలాలతో నక్కవాగు పాడయింది. ఆ వాగు వెళ్ళి మంజీరలో కలుస్తుంది. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. బాధిత గ్రామాలకు త్రాగునీరు అందించాలని కోర్టు ఆదేశించవలసి వచ్చింది. బావి ఉంది, బోరు ఉంది, కాని నీళ్ళు ట్యాంకరులో రావాలి. మారా అంటే అదే.

మరి దేవుడు ఈనాడు చెట్టును చూపిస్తాడా? చూపిస్తున్నాడు. చెట్లతో మట్టిని, భూగర్భజలాన్ని శుభ్రపరచే పద్ధతిని శాస్త్రజ్ఞులు చాలా కాలంగా పరిశోధిస్తున్నారు. మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఆచార్య ఎం.ఎన్.వి. ప్రసాద్ గారు మొక్కలకూ విష లోహాలకూ ఉన్న సంబంధంపై ఏళ్ళ తరబడి పనిచేసి గ్రంథాలు వెలువరించారు.

ఇది ఎలా జరుగుతుంది? చెట్టు వేళ్ళతో నీళ్ళు పీల్చి ఆకుల ద్వారా ఆవిరిగా వదులుతుంది. ఆ నీటితోపాటు కొన్ని విషాలు కూడా లోపలికి వెళ్తాయి. కాడ్మియము, జింకు వంటి లోహాలను కొన్ని చెట్లు తమ కాండములో, ఆకులలో దాచుకొంటాయి. డీజిలు, నూనె వంటివి నేలలో ఇంకితే వేళ్ళ చుట్టూ బ్రతికే సూక్ష్మజీవులు వాటిని కొంచెం కొంచెంగా విరగగొడతాయి. సీసము మాత్రం మట్టిని గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది, సులభంగా చెట్టులోకి రాదు. అక్కడ చెట్టు చేసే మేలు వేరు. అది మట్టిని వేళ్ళతో పట్టి ఉంచి, ఆ విషం దుమ్ముగా లేవకుండా, వానకు చెరువులోకి కొట్టుకుపోకుండా కాపాడుతుంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక విమానాల కర్మాగారము, దాని ప్రక్కనే సైనిక విమానాశ్రయము ఉన్నాయి. లోహపు భాగాల జిడ్డు కడిగే ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావకము అక్కడి భూగర్భజలంలో కలిసింది. 1996లో ఆ నీటి దారికి అడ్డంగా వందలాది కాటన్‌వుడ్ చెట్లు నాటారు. వేళ్ళు ఆ నీటిని అందుకొని పీల్చుకోవాలని, విషము ముందుకు పారకుండా తగ్గాలని వారి ప్రయత్నము. అక్కడ నీరు తక్కువ లోతులో ఉంది గనుక అది సాధ్యపడింది.

మన సంగతి చూడండి. 2008 మార్చి 23న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయము నుండి విమానాలు ఎగరడం మొదలైంది. చుట్టూ ఇళ్ళు, షెడ్లు, గోదాములు పెరిగాయి. మన బోర్లు రాతిలో వందల అడుగుల లోతుకు దిగాయి. ఆ లోతుకు మామూలుగా చెట్ల వేళ్ళు వెళ్ళవు. పై మట్టిని చెట్టు బాగుచేయగలదేమో గాని, రాతి పగుళ్ళలోకి దిగిపోయిన విషాన్ని వెనక్కి తేలేదు. పైగా చెట్టుకు ఏళ్ళు పడుతుంది. ఒక ప్రక్క చెట్టు పీలుస్తుంటే మరో ప్రక్క మనము పోస్తూ ఉంటే, ఎన్ని చెట్లు నాటినా ఏమి ప్రయోజనము?

అందుకే 26వ వచనము దాటిపోవద్దు. మనము చెట్టు దగ్గర ఆగి, హల్లెలూయ అని పుస్తకము మూసేస్తాము. దేవుడు అక్కడ ఆగలేదు. నీళ్ళు తీపి చేసిన ఆ చోటనే ఆయన ప్రజలకు కట్టడ ఇచ్చాడు. నా మాట వినండి, నా దృష్టికి న్యాయమైనది చేయండి అని చెప్పి, తరువాతనే తాను స్వస్థపరచువాడనని తెలియజేశాడు. స్వస్థత, విధేయత ఒకే చోట ఉన్నాయి. వాటిని మనము విడదీయరాదు.

సహోదరుడా, నీకు మెకానిక్ షెడ్డు ఉందా? బండిలో నుండి తీసిన పాత ఆయిలు ఎక్కడ పోస్తున్నావు? లోహానికి పూత వేసే పని ఉందా? ఆ యాసిడ్ నీళ్ళు రాత్రిపూట ఏ నాలాలోకి వెళ్తున్నాయి? పొరుగువాని బోరు పాడుచేసిన చేతితోనే ఆదివారము కానుక వేస్తే దేవుడు చూడడా? నీ సహోదరునికి నీమీద విరోధముంటే బలిపీఠము ముందు కానుక విడిచి, మొదట వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పలేదా?

తల్లులారా, మీరు కూడా వినండి. ఫ్యాక్టరీల దగ్గర బోరు నీళ్ళయితే పరీక్ష చేయించి త్రాగండి. కాచినంత మాత్రాన క్రిములు చస్తాయి గాని లోహాలు పోవు. పాడైన నేలలో ఆకుకూరలు వేయవద్దు. చెట్టు పీల్చినట్లే కూర కూడా పీల్చుకొంటుంది. అలాంటి చోట పెరిగిన చెట్టు ఆకులు మేకలకు వేయవద్దు, కట్టెలు పొయ్యిలో పెట్టవద్దు. విషము మాయము కాలేదు, చెట్టులోకి మారింది, అంతే.

ప్రియులారా, ఇక్కడే నాకు సిలువ కనబడుతున్నది. చెట్టు విషాన్ని దూరంగా ఉండి కడగదు, తన శరీరములోకి తీసుకొంటుంది. మన ప్రభువు కూడా మన పాపములను తన శరీరమందే మ్రానుమీద మోసాడని పేతురు తన మొదటి పత్రికలో వ్రాశాడు. మన చేదు ఆయనలోకి వెళ్ళింది. అంత వెల చెల్లించి శుభ్రపరచిన నేలలో మరల విషము పోయగలమా? కృప ఉన్నది గదా అని పాపములో నిలిచియుందుమా అని పౌలు రోమా సంఘాన్ని అడిగింది ఈ ప్రశ్నే.

మారా తరువాత ఏలీము ఉంది. అక్కడ పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బది ఈతచెట్లు ఉన్నాయి. దేవుడు తన ప్రజలను చేదు దగ్గర విడిచిపెట్టడు. ఈ వారము మీ సంఘములో ఒక చెట్టు నాటండి. నాటే ముందు మన వైపు నుండి పారుతున్న విషపు కాలువ ఏదైనా ఉంటే దానిని మూయండి.

ప్రార్థించుకొందము. పరిశుద్ధుడవైన తండ్రీ, నీవిచ్చిన నేలను, నీళ్ళను మేము చేదు చేశాము. మమ్మును క్షమించుము. త్రాగునీటి కొరకు బిందెలతో నిలబడుచున్న కుటుంబాలను జ్ఞాపకము చేసికొనుము. నీవు చూపించే చెట్టును చూచే కన్నులు, నీ మాట వినే చెవులు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.