అణుకేంద్రం పక్క ఊళ్ళలో ఏం కొలుస్తారు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. కాపురం విశాఖపట్నంలోనే అయినా ఏడాదికి రెండుసార్లు ఊరు వెళ్ళకపోతే నాకు తోచదు. మొన్న వెళ్ళినప్పుడు కొబ్బరితోటలో కూచుని మా పెద్దమ్మ ఒక ప్రశ్న వేసింది.

"ఏటమ్మీ, మన సముద్రం ఒడ్డున నల్లిసుక ఉంది కదా, దాన్లో ఏదో అణు సరుకుందంట. మన ఉద్దానపోళ్ళ కిడ్నీలు దానివల్లే పోతన్నాయంటావేటి? ఇంక కొవ్వాడలో ఆ కరెంటు ఫేక్టరీ కూడా వొస్తే మన గతేటి?"

ఆవిడ పెద్దకొడుకు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. అందుకని ఆ ప్రశ్నని నవ్వి కొట్టిపారేయలేకపోయాను. తెలుసుకుని చెబుతాను పెద్దమ్మా అన్నాను. అలా తెలుసుకున్నదే ఈ పూట మీకూ చెబుతున్నాను.

ముందు నల్ల ఇసుక సంగతి. మన తూర్పు తీరంలోని ఇసుకలో అక్కడక్కడ మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులో థోరియం ఉంటుంది. ఇది ఎవరో తెచ్చి పోసింది కాదు, కొండలు అరిగి, ఏళ్ళ తరబడి నీళ్ళలో కొట్టుకొచ్చింది. కేరళలో కరునాగపల్లి దగ్గర ఇలాంటి ఇసుక మరీ ఎక్కువ. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంవారు అక్కడ ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ లెక్క రాసి, 2009లో ఫలితం ప్రకటించారు. ఆ కిరణాల మూలంగా క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదని వారి లెక్క. అయితే అది క్యాన్సర్ లెక్క, మాది కిడ్నీల బాధ. ఒకదానికి వచ్చిన జవాబు ఇంకోదానికి అతికించకూడదు. నీళ్ళనీ, మట్టినీ, ఎండలో కష్టాన్నీ, పురుగుమందుల్నీ ఎందరో అనుమానించి పరీక్షించారు. ఇదీ కారణమని ఇంతవరకూ ఒక్కటీ తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి పెట్టారు. హిరమండలం నుంచి గొట్టాలతో మంచినీళ్ళూ తెచ్చారు. మంచిదే.

కాని నాకు మనసులో గుచ్చుకునేది ఒకటుంది. జబ్బు బయటపడ్డాకే మా ఊళ్ళకి సీసాలు పట్టుకుని వచ్చారు. అంతకుముందు మా ఇంటి నూతినీళ్ళు ఎవరూ కొలిచి రాసిపెట్టలేదు. ఇవాళ ఎంత కొలిచినా, అప్పుడెంతుండేదని అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

ఇక కొవ్వాడ. అది మా జిల్లాకి దక్షిణం చివర, రణస్థలం మండలంలో ఉంది. కవిటి ఉత్తరం చివర. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అక్కడ కట్టాలని ప్రణాళిక. భూములిచ్చే రైతుల గోడు, జాలరుల గోడు వేరే ఉంది. దానికి ఇంకో ప్రసంగం కావాలి.

మన దేశంలో అణు విద్యుత్కేంద్రం పెట్టేచోట భాభా అణు పరిశోధన కేంద్రంవారి పర్యావరణ పరిశీలన ప్రయోగశాల ఒకటి ఉంటుంది. రియాక్టరు పని మొదలుపెట్టడానికి కొన్నేళ్ళ ముందే ఇది కొలతలు మొదలుపెట్టాలి. ఎందుకంటారా? గాలిలో, నేలలో, మన ఒంట్లో కూడా సహజంగా కొంత రేడియోధార్మికత ఉండనే ఉంది. మా కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంది కదా, అందులో రవ్వంత రేడియోధార్మికమైనదే! రోజూ తాగుతూనే ఉన్నాం. ముందెంతో తెలియకపోతే, తరవాత పెరిగిందో లేదో ఎలా చెప్పడం?

ఎలా కొలుస్తారో విన్నాక నాకు ముచ్చటేసింది. చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న బిళ్ళలు వేలాడదీస్తారు. వాటిలోని పొడి కిరణాలను దాచుకుంటుంది. మూడు నెలలయ్యాక తీసుకెళ్ళి వేడిచేస్తే వెలుగునిస్తుంది. ఎంత వెలిగితే అంత సోకినట్టు. బిళ్ళలతో సరిపెట్టరు. ముప్ఫై కిలోమీటర్ల దాకా పాలు, బియ్యం, కూరగాయలు, చేపలు, నూతినీళ్ళు, మట్టి తెచ్చి పరీక్షిస్తారు. ఆ కేంద్రం మూలంగా మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించి సోకరాదని అణుశక్తి నియంత్రణ మండలి హద్దు. ప్రకృతి నుంచి ప్రపంచంలో మనిషికి సగటున ఏటా వచ్చేది 2.4.

అన్నిట్లోకీ పాలమీదే ఎక్కువ కన్ను. అయోడిన్ 131 అనేది బయటపడితే గడ్డి మీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలలోకి వస్తుంది, పాలు తాగిన పిల్లల గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. ఎనిమిది రోజులకి సగమవుతుంది, కాని ఆ ఎనిమిది రోజులే ముఖ్యం. 1957లో ఇంగ్లండులో విండ్‌స్కేల్ రియాక్టరు అంటుకున్నప్పుడు, సుమారు 500 చదరపు కిలోమీటర్లలోని పాలు పారబోయించారు.

ఇంట్లో ఎవరెంత పాలు తాగుతారు, చేప ఎన్నిసార్లు వండుతారు అన్నది తెలియకుండా ఆ లెక్క కుదరదు. ఊరూరా తిండి అలవాట్లు అడిగి రాసుకుంటారు. దానికి సరైన జవాబు చెప్పగలది ఆ ఇంటి ఇల్లాలే. మగవాళ్ళనడిగితే "ఏదో తింటాం" అంటారు!

జపానులో 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. అదే ఏడు నవంబరులో దగ్గరి ఇవాకి పట్టణంలో 'తారాచినే' అనే పౌర ప్రయోగశాల వెలిసింది. నడిపిస్తున్నవాళ్ళలో తల్లులే ఎక్కువ. పిల్లలకి పెట్టే తిండిని వాళ్ళే యంత్రాలు కొని కొలిచి, అంకెలు అందరికీ చెబుతున్నారు. ప్రభుత్వం కొలవడంలేదని కాదు, అడిగినప్పుడు అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు కావాలని.

నాకు కావలసిందీ అదే. మన నియంత్రణ మండలి ఏటా నివేదిక వేస్తుంది, కాని ఇంగ్లీషు నివేదిక మా పెద్దమ్మకెందుకు? పాలలో పోయినేడు ఇంత, ఈ ఏడు ఇంత అని పంచాయతీ గోడమీద తెలుగులో రాస్తే ఏం పోయింది? కొవ్వాడ చుట్టుపక్కల ఊళ్ళకి, రియాక్టరు వెలగకముందు అంకెలు కూడా ఆ గోడమీదే ఉండాలి.

ఇదంతా ఫోనులో పెద్దమ్మకి చెప్పాను. చివరిదాకా విని, "మన కిడ్నీ మాట తేల్లేదన్నమాట" అంది. లేదన్నాను. కాసేపాగి, "సరే. ఆ పాల లెక్క అడగడానికొస్తే మగోళ్ళనడక్కండని సెప్పు. నాను సెప్తాను" అంది.

సెలవు.