ప్రయాణపు వ్యాను: సామాను చోటు, వెనుక చూపు

బండిలో సంసారము పెట్టుకొని జాతరకు పోవుట మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి కొత్త కాదు. కురుమూర్తికి, మల్దకల్లుకు, సింగోటమునకు మన పెద్దలు గూడుబండ్లు కట్టుకొని పోయెడివారు. బియ్యము, పప్పు, వంటపాత్రలు, బొంతలు, ఎద్దులకు మేత - అన్నియు అందులోనే. రెండు మూడు దినములు ఆ బండియే ఇల్లు. బండి తోలువాడు ముందు చూచుకొనిన చాలును. వెనుక ఏమున్నదో, కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చున్న పిల్లలు చెప్పెడివారు. నడక వేగముతో సాగు బండికి అంతకు మించిన కాపలా అక్కరలేకపోయెను.

నేడు ఆ గూడుబండి స్థానమున మోటారు వ్యాను నిలిచినది. పరుపు, పొయ్యి, నీళ్ల క్యానులు సర్దుకొని ఆలంపురము, సోమశిల, శ్రీశైలము చూచివచ్చు కుటుంబములు ఉన్నవి. పడక, అల్మారా కలిగిన ఇటువంటి బండినే క్యాంపర్ వ్యాను అనుచున్నారు. పేరు ఏదైనను ఇబ్బంది ఒక్కటే. సామాను సర్దువారికి చోటు కావలెను. బండి నడుపువారికి వెనుక అద్దము కావలెను. పైకప్పు వరకు పేర్చినచో అద్దము మూసికొనిపోవును. అద్దమును వదలినచో సగము సామాను ఇంటివద్దనే ఉండిపోవును. ఈ తగవును తీర్చుట ఎట్లు?

మొదట, వెనుకకు చూచుట అనునది ఒక్క పని కాదని గుర్తింపవలెను. బండి ముందుకు సాగుచుండగా వెనుక వచ్చు వాహనములను గమనించుట ఒకటి. బండిని వెనుకకు నడుపునపుడు దాని వెంటనే ఏమున్నదో తెలిసికొనుట మరియొకటి.

మొదటి పనికి ప్రక్క అద్దములు చాలవరకు సరిపోవును. పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా ఆలంపురము చౌరస్తాకు పోవు 44వ జాతీయ రహదారి మీద నడుచు లారీలను చూడుడు. డ్రైవరు వెనుక తొట్టి నిండ సరుకే. అతడు ప్రక్క అద్దములతోనే దేశమంతయు తిరుగుచున్నాడు. అయితే ఈ అద్దములు సాధారణముగా ఉబ్బెత్తుగా ఉండును. అందువలన ఎక్కువ వెడల్పు కనిపించును గాని, వెనుక వచ్చు బండి ఉన్నదానికంటె చిన్నదిగా, దూరముగా తోచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి క్షణమునకు దాదాపు 17 మీటర్లు పోవును. రెండు క్షణములు అద్దములో వెదకుచున్నచో 33 మీటర్లు ముందు చూడకయే పోయినట్లు. కావున బయలుదేరుటకు ముందే అద్దములను సరిచేసికొని, దారిలో కనురెప్పపాటులో చూచి మరలవలెను.

రెండవ పని అట్టిది కాదు. వెనుకకు నడుపునపుడు ప్రక్క అద్దములు బండి ప్రక్కలను చూపును గాని, బండి వెడల్పున దాని వెనుకనే ఉన్న నేలను చూపవు. మరి వెనుక అద్దము తెరచియున్నచో చాలునా? ఒక లెక్క వేసి చూతము. డ్రైవరు కన్ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నదనుకొందము. వెనుక అద్దపు దిగువ అంచు కన్నునకు 3 మీటర్ల దూరమున, నేలకు 1.1 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. అప్పుడు 80 సెంటీమీటర్ల పొడవుగల పసిబిడ్డ ఆ అద్దమునకు రెండుంబావు మీటర్ల లోపల నిలిచియున్నచో తల వెండ్రుక కూడ కనిపించదు. చాపమీద పరుండిన మనిషి 30 సెంటీమీటర్ల ఎత్తు అనుకొన్నచో, 6 మీటర్ల లోపల ఎక్కడ పడుకొన్నను కనిపించడు. సామాను ఒక్కటియు లేని ఖాళీ బండి లెక్క ఇది!

జాతర మైదానములలో ఎచట చోటు దొరికిన అచట జనులు నిద్రింతురు. మన్ననూరు నుండి శ్రీశైలము పోవు నల్లమల దారి అమ్రాబాదు పులుల అభయారణ్యము గుండా పోవుటచే, రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు దానిని మూసియుంతురు. ఆలస్యముగా చేరినవారు తెల్లవారువరకు ఆగవలసినదే. ఆగిన బండి నీడనే చాప పరచుకొనుట మనవారి అలవాటు. మసక వెలుతురున తొందరపడి బండిని వెనుకకు తీయునపుడు కలుగు ప్రమాదమును ఏ వెనుక అద్దమును తప్పింపలేదు.

మన దేశమున 2019 జూలై 1 నుండి కొత్త కార్లకు, ఆ తరగతి ప్రయాణీకుల వాహనములకు వెనుక సెన్సారులు తప్పనిసరి అయినవి. అడ్డు సమీపించినకొలది అవి కూతపెట్టును. కెమేరా అమర్చుకొన్నచో నేల కూడ కనిపించును. రెండును మంచివే. కాని మన నల్లరేగడి బురదయు, బాటల దుమ్మును కప్పినచో కెమేరాయు గ్రుడ్డిదే. నేలబారుగా ఉన్నదానిని సెన్సారు పసిగట్టకపోవచ్చును. కనుక బయలుదేరు ముందు గుడ్డతో తుడువవలెను, ఒకమారు బండి చుట్టు తిరిగిరావలెను, ఒకరు దిగి, అద్దములో తాము కనిపించునట్లు ప్రక్కగా నిలిచి, “రానీ, రానీ... ఆగు!” అని చెప్పవలెను. లారీ క్లీనరు పాటించు ఈ పద్ధతికి సాటి వచ్చునది లేదు. బండి వెనుకనే నిలిచి చెప్పరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

చోటునకు, చూపునకు మధ్య తగవు పాతదే. 1911లో అమెరికాలో జరిగిన మొదటి ఇండియానాపొలిస్ 500 పందెమున ఇతర బండ్లలో డ్రైవరుతో ఒక మెకానిక్కు కూర్చుండి, వెనుక వచ్చువారిని చూచి చెప్పుచుండెను. రే హారూన్ ఒక్కడే ఆ మనిషి బరువును తగ్గించుకొని, బదులుగా ఒక అద్దము బిగించుకొని గెలిచెను. అయితే ఇటుకలు పరచిన ఆ బాటపై అదురునకు అద్దములో ఏమియు సరిగా కనిపించలేదని పిమ్మట అతడే చెప్పుకొనెనట. పందెమునకు అది చెల్లినది; పిల్లలతో పోవు కుటుంబమునకు చెల్లదు.

ఇక సామాను సంగతి. ఎంత పెట్టితిమి అనుదానికంటె ఎచట పెట్టితిమి అనునది ముఖ్యము. మారుతి ఈకో వ్యానులో ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 2.35 మీటర్లు. 20 లీటర్ల నీళ్ల క్యానులు రెండు, 20 కిలోల బియ్యపు మూట ఒకటి - మొత్తము 60 కిలోలు - వెనుక ఇరుసునకు అరమీటరు వెనుకగా పెట్టినచో, వెనుక చక్రములపై దాదాపు 73 కిలోలు పడును. ముందు చక్రములపైనుండి 13 కిలోలు తగ్గును. అదే బరువు రెండు ఇరుసులకు సరిగా నడుమ నేలమీద ఉన్నచో చెరి 30 కిలోలు పంచుకొనును. ఇరుసు వెనుక భాగము పొడవైన పెద్ద వ్యానులలో ఈ తేడా ఇంకను పెరుగును. ముందు చక్రములు తేలికపడినచో స్టీరింగు పట్టు సడలును. ఘాటు మలుపులలో అది మేలు కాదు. టాపుమీద బరువు పెంచినను మలుపులో బండి ఒరుగును.

మరియొక సంగతి. బ్రేకు వేసినపుడు బండి ఆగును గాని, కట్టని సామాను ఆగదు. పైకప్పుదాక పేర్చిన వంటపాత్ర బండి వేగముతోనే ముందువారి తలలమీదికి వచ్చును. కావున సీటు వీపు ఎత్తును ఒక హద్దుగా పెట్టుకొనుడు. దానికి దిగువన సామాను. దానికి పైన గాలియు, వెలుతురును. ఈ ఒక్క గీత అద్దమును కాపాడును, తలలను కూడ కాపాడును. బరువైనవి సీట్ల క్రింద, ఇరుసుల నడుమ; తేలికైనవి వాటిపైన; బొంతలు, దుప్పట్లు పరచి వాటిమీదనే కూర్చొనవచ్చును. అప్పటికిని మిగిలినవి పగ్గముతో గట్టిగా కట్టి టాపుమీదికి, అవియు తేలికవి మాత్రమే.

అద్దమునకు నల్ల ఫిలిము అంటించుటను సుప్రీంకోర్టు 2012లో నిషేధించినది. వెనుక అద్దమునుండి నూటికి 70 పాళ్లు వెలుతురు రావలెనని నిబంధన. బండి కట్టడమును రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఒప్పదు. కావున అల్మారా కొరకు అద్దము తీసి రేకు బిగింపబోవువారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మంచిది.

ఇంటినుండి బయలుదేరునాడు మూటలు కట్టుట ముగిసిన పిమ్మట ఒకరు డ్రైవరు సీటులో కూర్చుండుడు. ఇంటిలోని చిన్నబిడ్డ ఎత్తున్న బిందెనో, స్టూలునో బండి వెనుక పెట్టించి, అది ఎంత దూరము జరిపినపుడు కనిపించునో చూడుడు. ఆ దూరము తెలిసిన మనిషి బండిని తొందరపడి వెనుకకు నడుపడు.